ప్రణాలి తీసిన మొదటి రెండు నిమిషాలు

శనివారం పొద్దున దీపపు కుందులను చింతపండుతో తోముకుంటూ వాకిట్లో కూర్చుని ఉండగా ప్రణాలి వచ్చింది. మా తమ్ముడు నర్సింగం కొడుకు కూతురు. వరుసకు నేను అమ్మమ్మను. కళ్యాణ్‌లో కాలేజీకి పోతుంది, అక్కడ సినిమాలు తీయడం నేర్పిస్తారట. నార్పోలిలో ఉన్న మా ఒంటిగది ఖోలీకి పండగ పూట తప్ప రాని పిల్ల, చెప్పులు విడిచి నా పక్కన కూర్చుని తనే ఒక కుంది అందుకుని తోమడం మొదలుపెట్టింది. ఏదో పని పడి వచ్చిందని అప్పుడే అర్థమైంది. "అమ్మమ్మా, సాయంత్రం మీ భజన మండలిల నేనొక సినిమా సూపిస్త. మొత్తం గాదు, మొదలు ఒక్కటే," అంది. మొదలు ఒక్కటే ఉన్న సినిమా ఏమిటని అడిగాను. నిదానంగా చెప్పుకొచ్చింది. వాళ్ల మేడమ్ పిల్లలను జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును ఒక్కో సినిమాకు మొదటి రెండు నిమిషాలు మాత్రం తీసుకురమ్మందట. దాన్ని బయటి జనానికి చూపించాలి. వాళ్లు ఏమన్నారో కాగితాల మీద రాయించుకోవాలి. ఎక్కడ పట్టింది, ఎక్కడ పట్టలేదు అని తామే తూచుకుని ఒక వ్యాసం రాయాలి. అన్ని జట్లలోకి ఎవరి మొదలు చూసి జనం మిగతాది కావాలంటారో, ఆ సినిమాను చివరిదాకా తీయడానికి కాలేజీ కెమెరా ఇస్తుంది, ఖర్చూ పెట్టుకుంటుంది.

ప్రణాలి జట్టు తీసింది మా కార్ఖానా మీద. మా నాన్న, మేము పిలిచే బాపు, తెలుగు నేల వదిలి ఈ మరాఠీ ఊరికి వచ్చాక నాగావ్‌లో వేయించిన రేకుల షెడ్డు అది. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. బాపు తరువాత ఆ సాంచెలను తమ్ముడు నడిపించాడు. ఈమధ్య కొన్నేళ్లుగా అవి ఒకటి తరువాత ఒకటి మూలపడుతూ వచ్చాయి. ప్రణాలి తండ్రి ఆ పని వదిలేసి కాశేలి గోదాముల్లో పార్సిళ్లు ఎక్కించే పనికి పోయి చాలా కాలమైంది. పాత ఇనుము కొనే భంగార్ వ్యాపారి ఒకడు వచ్చి, నడుస్తున్నవీ నడవనివీ అన్నీ కలిపి తూకానికి తీసుకుంటానన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. అడ్డుపడింది ప్రణాలి ఒక్కతే. సినిమా ఎంపికైతే చివరిదాకా తీయడానికి సాంచెలు నడుస్తూ ఉండాలి, అప్పటిదాకా ఆగమని తాత గడ్డం పట్టుకుంది. ఎవరి మాటకూ ఆగనివాడు ఆమె మాటకు ఆగాడు. అంటే మా బాపు చేతి సాంచెల ఆయుష్షు ఇప్పుడు ఆ రెండు నిమిషాల మీద నిలబడి ఉందన్నమాట. ముందుగా నాకు చూపించమంటే పిల్ల ఒప్పుకోలేదు. "నువ్వు గూడ ఆడియెన్స్‌వే గద. అందరితోని సూడు," అని, తోమిన కుంది నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ పగలంతా నా మనసు బాపు బతికున్న రోజుల్లోనే తిరిగింది. అప్పట్లో మేము కార్ఖానా వెనకే ఉండేవాళ్లం. గోడకు అవతల సాంచెలు, ఇవతల మా సంసారం. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులో పెరిగిన వాళ్లకు అది చప్పుడుగా తోచదు. చుట్టాలు ఊరి నుంచి వచ్చి తలపోటని రెండో రోజే సంచి సర్దుకునేవాళ్లు. మాకు మాత్రం అందులోనే నిద్ర పట్టేది. కరెంటు పోయి సాంచెలు ఆగినప్పుడే ఇల్లంతా ఒక్కసారి లేచి కూర్చునేది. తమ్ముడు చంటివాడుగా ఉన్నప్పుడు అవి నడుస్తున్నంతసేపు ఊయలలో హాయిగా పడుకునేవాడు, అవి ఆగితే గుక్కపెట్టి ఏడ్చేవాడు. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె వాణ్ని ఎత్తుకుని, నోటితో టకటకమని సాంచె చప్పుడు చేస్తూ వాకిట్లో తిరిగేది. వేరే తల్లులు పిల్లలను ఎలా జోకొడతారో నాకు చాలా ఏళ్ల దాకా తెలియలేదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. నూలుకు పెట్టిన గంజి, ఇనుముకు వేసే నూనె, ఆ రెండింటి మీద పొయ్యిలోని కిరసనాయిలు. ఏం వండినా అందులోకి దూది పోగులు వచ్చి పడేవి. అవ్వ చారుగిన్నె మూత తీసేముందు కొంగుతో గిన్నె చుట్టూ తుడిచేది, అయినా మొదటి ముద్దలో పోగు తగలని రోజు లేదు. పొద్దంతా అవ్వ, పోగును అటూ ఇటూ మోసే నాడెలోకి వేసే కండెలు చుట్టేది. చుడుతూ ఏదో కీర్తన పాడుకునేది. పెదవులు కదలడం కనబడేది గానీ పాట వినబడేది కాదు. ఆమె గొంతు బాగుంటుందన్న సంగతి నాకు పండగ రోజున, సాంచెలు ఆపిన రోజున మాత్రమే తెలిసేది. షెడ్డు లోపల మాటలన్నీ చేతులతోనే. బొటనవేలు నోటి దగ్గర పెడితే మంచినీళ్లు. రెండు వేళ్లు విడదీస్తే పోగు తెగింది. లేని మీసం దువ్వితే నూలిచ్చి బట్ట కొనే సేటు వస్తున్నాడు. బాపు ఒకరోజు సేటును వెక్కిరించడానికి మీసం దువ్వబోతే, నిజంగానే సేటు వెనక నిలబడి ఉన్నాడట. అవ్వ ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా బాపు మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు.

శనివారం సాయంత్రం మాత్రం బాపు తన చేత్తో సాంచెలన్నీ ఆపేవాడు. చివరి సాంచె పిడి దించాక రెండు చేతులతో దాన్ని తాకి కళ్లకు అద్దుకునేవాడు. స్నానం చేసి వచ్చాక కూడా కనుబొమల మీద, చెవుల వెనక తెల్లగా దూది మిగిలే ఉండేది. అవ్వ తడిగుడ్డతో తుడిచేది, ఆయన చిన్నపిల్లవాడిలా కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నామం దిద్దుకుని, ఎర్రగుడ్డలో చుట్టిన పురాణం తల మీద పెట్టుకుని నార్పోలి మండలికి నడిచేవాడు. వెనక నేను. చదవడం ఆయన పని, ఊ కొట్టడం జనం పని. మా మండలిలో ఊ అనేది ఊరకే అనేది కాదు. చదివేవాడు ఒక మాట చెప్పి ఆగుతాడు, విన్నవాళ్లు ఊ అంటే ముందుకు కదులుతాడు. ఊ రాకపోతే కథ అక్కడే నిలబడుతుంది. కానీ ఏళ్ల తరబడి సాంచెల మధ్య నిలబడిన బాపుకు ఆ ఊ వినబడేది కాదు. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. జనం ఊ అన్నప్పుడల్లా నేను ఆయన మోకాలు నొక్కాలి. గట్టిగా అంటే గట్టిగా, మెల్లగా అంటే మెల్లగా. అలా ఆ సభ అంతా నా వేలి గుండా ఆయనలోకి వెళ్లేది.

ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు బాపు మొదటి ప్రశ్న ఒకటే. "ఏ కాడ సల్లవడ్డరు బిడ్డా?" ఫలానా స్తోత్రం దగ్గర మగవాళ్ల ఊ పలచబడిందనో, ఫలానా చోట ముసలమ్మలు తూగారనో చెప్పేదాన్ని. ఆయన ఎప్పుడూ జనాన్ని తప్పుపట్టలేదు. పొద్దంతా నిలబడి వచ్చినవాళ్లు, తనే సరిగా చెప్పలేదని అనేవాడు. వచ్చే శనివారానికి ఆ చోట గొంతు మార్చేవాడు, లేకపోతే నూలుకూ నూలు చుట్టే బీముకూ ముడిపెట్టి ఒక పోలిక చెప్పేవాడు. పగలు మరాఠీ బడిలో చదువుకున్న నాకు తెలుగు అక్షరాలు ఆ పుస్తకం మీద ఆయన వేలు కదిలిన దారిలోనే వచ్చాయి. భగవంతుడు వస్తాడని, పిలిస్తే వస్తాడని, ఆలస్యమైనా వస్తాడని నాకు నేర్పింది కూడా ఆ చాప మీదే. ఈనాటికీ నేను నమ్ముతున్నాను. బాపు పోయాక కొన్నాళ్లు పుస్తకం విప్పేవాళ్లు లేక మండలి మూతపడబోతే, ఆడదానివని ఇద్దరు ముగ్గురు గొణిగినా, ఆయన చోట కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను.

సాయంత్రం ప్రణాలి కాలేజీ నుంచి తెచ్చిన గోడ మీద బొమ్మ వేసే పెట్టెను స్టూలు మీద పెట్టింది. తెర లేకపోతే తమ్ముడు కార్ఖానాలో నేసిన కోరాబట్ట తెచ్చి దేవుడి పటాల పక్క గోడకు కట్టాడు. ముసలివాళ్లే ఎక్కువమంది. అందరూ ఏదో ఒక కార్ఖానాలో చేసి చేసి మానేసినవాళ్లు, లేకపోతే మానేయించబడినవాళ్లు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. భూలక్ష్మి వదిన, బాపు ఉన్నప్పటి నుంచి నా పక్కనే కూర్చునే మనిషి, సినిమా కదా అని పల్లీలు తెచ్చి, దేవుడి ముందు తినవచ్చో లేదో తెలియక కొంగులోనే దాచుకుంది. దీపం తగ్గించారు. బట్ట మీద చీకటి పరుచుకుంది. నాకు ఇంకా ఏమీ మొదలుకానట్టే తోచింది. అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఎవరి మోకాళ్ల నొప్పులు వాళ్లు చెప్పుకుంటున్నారు. కాసేపటికి రాజేశం అన్న, మా బాపు దగ్గర పని నేర్చుకున్నవాడు, విసుక్కున్నాడు. "ఏందే పిల్లా, ఇంక షురూ జెయ్యవా? తెల్లారుతదా ఏంది?"

"షురూ అయింది తాతా. చప్పుడు వస్తలేదా?" అంది ప్రణాలి. అప్పుడు గానీ మాకు తెలియలేదు, ఆ గది అంతా సాంచెల చప్పుడుతో నిండి ఉందని. చీకటి తెర మీద ఉత్త చప్పుడుతో ఆమె సినిమాను మొదలుపెట్టింది. దానికి జనం ఉలిక్కిపడతారని అనుకుంది. మేము నవ్వుకున్నాం. రాజేశం అన్న తన చెవులు తనే మెలిపెట్టుకున్నాడు. ఇంతలో బొమ్మ వచ్చింది. ముందు నర్సింగం వేళ్లు. తెగిన పోగును వెతికి పట్టుకుని ముడివేసి, మిగిలిన కొసను గోటితో తెంపిన వేళ్లు. తరువాత వాడి మెడ, మెడ మీద చెమటకు అంటుకున్న దూది. నాడె అటూ ఇటూ పోతోంది. తరువాత వాడి చెయ్యి పిడి మీద పడింది. పిడి దిగింది. చప్పుడు ఆగిపోయింది. ఆ గదిలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి, తలుపు వైపు తిరిగాయి. తెర వైపు చూస్తున్నవాళ్లు ఎవరూ లేరు. రాజేశం అన్న చాప మీద చెయ్యి ఆనించి సగం లేచాడు. "కరెంటు పోయిందా?" అన్నాడు. ఆయన కార్ఖానాలో అడుగుపెట్టక ఎంత కాలమైందో ఆయనకే గుర్తు లేదు.

మళ్లీ తెర వైపు తిరిగేసరికి సినిమా పేరు వచ్చి వెళ్లిపోయింది. దీపం పెద్దది చేశారు. ఎవరూ లేవలేదు. కూర్చునే ఉన్నారు, ఇంకా ఏదో రావాలన్నట్టు. భూలక్ష్మి వదిన మెల్లగా అడిగింది, "గక్కడ ఆపితివేంది బిడ్డా? ముందుకు పోనియ్యి." అంతే తీశానని, ఇది మొదలు మాత్రమేనని, అలా ఆపితేనే తరువాత ఏమవుతుందోనని జనానికి అనిపిస్తుందని ప్రణాలి సర్దిచెప్పబోయింది. వాళ్ల ముఖాలు చూస్తే నాకు విషయం తెలిసిపోయింది. కష్టం వచ్చిన చోట కథ ఆపడం మా మండలిలో లేదు. భక్తుడు ఆపదలో ఉండగా పుస్తకం మూస్తే విన్నవాళ్ల ఇంటికి ఆ ఆపద వెంటవస్తుందంటారు. ఏదో ఒక మంచి జరిగిందాకా చదివి, మంగళహారతి పాడి, అప్పుడు లేవాలి. ఒక వానాకాలం చెరసాలలో పడ్డ భక్తుడి కథ చదువుతుండగా వీధిలో నీళ్లు పొంగి మండలిలోకి వచ్చాయి. చాపలు తేలాయి. బాపు లేచి నిలబడి పుస్తకం గుండెల దాకా ఎత్తిపట్టుకుని చదువుతూనే ఉన్నాడు. ఆడవాళ్లు కుచ్చిళ్లు పైకి పట్టుకుని, మగవాళ్లు పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని, మోకాలి లోతు నీళ్లలో ఊ కొడుతూనే ఉన్నారు. స్వామి వచ్చి ఆ చెరసాల తలుపులు తెరిచేదాకా ఒక్కరూ ఇంటికి కదలలేదు. అలాంటి సభకు మా పిల్ల చప్పుడు ఆగిన చోట కథ ఆపి చూపించింది.

తరువాత కాగితాలు పంచింది. చదవడం వచ్చినవాళ్లు తక్కువ. నేనూ తనూ ప్రశ్నలు చదివి, వాళ్లు చెప్పినదానికి గీతలు పెట్టాం. బొమ్మ ఎట్ల ఉంది? మంచిగుంది. చప్పుడు ఎట్ల ఉంది? మంచిగుంది. ఎక్కడైనా విసుగొచ్చిందా? లేదు. ఒక్కరూ ఒక్క లోపం చెప్పలేదు. నిజం చెప్పమని, లోపాలు చెబితేనే తనకు మేలని ప్రణాలి బతిమాలింది. రాజేశం అన్న చేతులు జోడించాడు. "దేవుని పటాల ముంగట సూపిచ్చినవు. దాంట్ల తప్పు ఎట్ల పడ్తం బిడ్డా?" ఆమె తల పట్టుకుని, తనలో తాను మరాఠీలో ఏదో అనుకుంది. ఇక చివరి ప్రశ్న మిగిలింది. మేడమ్ అన్నిటికన్నా ముఖ్యమన్న ప్రశ్న. ఈ సినిమా మిగతాది చూడాలని మీకు ఉందా?

అప్పటిదాకా అన్నిటికీ తల ఊపిన రాజేశం అన్న ఆ ప్రశ్నకు మాత్రం నేల చూశాడు. "వద్దు బిడ్డా," అన్నాడు.

"ఎందుకు తాతా?"

"మిగిలింది ఎరికే గద. ఇంక సూసుడేంది?"

ఆయన అలా అన్నాక మిగతావాళ్లు ఒక్కొక్కరుగా అదే చెప్పారు. కొందరు మాటతో, కొందరు చేత్తో. ఒకాయన పాటలుంటే చూస్తానన్నాడు, ఎవరూ నవ్వలేదు. భూలక్ష్మి వదిన ప్రణాలి చెంప నిమిరి, ఎండలో తిరిగి నల్లబడ్డావు, ఇక తిరగకు అంది. ఎవరో గబగబా మంగళహారతి ఎత్తుకున్నారు, మీద పడిన నీడను తుడిచేయడానికన్నట్టు.

కాగితాలు సంచీలో కుక్కుకుని పిల్ల నాతో ఇంటికి నడిచింది. సందు మలుపులో ఆగి నన్ను అడిగింది. "నువ్వేమంటవ్ అమ్మమ్మా? నీకన్న సూడాలెనని ఉన్నదా?" ఉందన్నాను. "నువ్వు మాదానివి. నీ ఓటు నడ్వది," అంది. అందుకు ఇద్దరం నవ్వాం గానీ ఆ నవ్వు ఎక్కడా నిలబడలేదు. కాగితాల మీద గీతలు కాదు, తలలన్నీ వెనక్కి తిరిగాయే, అది రాయమన్నాను. రాజేశం అన్న లేవబోయిన సంగతి రాయమన్నాను. బాపుకు నేను చెప్పినట్టే చెప్పాను. రాస్తానంది. ఆ రాత్రి పడుకోబోతూ ఒక్కటే ఆలోచించాను. పురాణంలో మిగిలింది కూడా అందరికీ ఎరుకే. ఏ శనివారం ఏ కథో, చివరికి ఎవరు వస్తారో పుట్టినప్పటి నుంచి తెలుసు. అయినా ప్రతి వారం వచ్చి ఊ కొడతారు. వచ్చేవాడు వస్తాడని తెలుసు కాబట్టే వస్తారు. మా సాంచెల కథ దగ్గర మాత్రం వాళ్లు వద్దంటున్నారు. అక్కడ ఎవరూ రారని వాళ్లకు తెలుసు. ఇన్నేళ్లుగా నేను వాళ్లకు చదివి వినిపించింది దేనికి పనికొచ్చినట్టు? మరునాటి నుంచి పిల్ల సినిమా ఎంపిక కావాలని పదేపదే స్వామిని అడిగాను. ఉపవాసాలున్నాను. మునుపు దేనికీ అంతగా అడగలేదు.

ఎంపిక కాలేదు. వేరే జట్టు పిల్లలు, ఎవరూ ఉండని గదిలో తలుపు దానంతట అదే తెరుచుకునే సినిమా తీశారట, చూసినవాళ్లందరూ తరువాత ఏమిటని అడిగారట. మేడమ్ చెడ్డమనిషి కాదని ప్రణాలి నాతో అంది. చప్పుడు బాగా వాడావని మెచ్చుకుందట, తలలు తిరిగిన సంగతి తరగతిలో చదివి వినిపించిందట. కానీ చూసినవాళ్లకు ముందుకు పోవాలనిపించకపోతే దాన్ని మొదలు అనలేమని చెప్పిందట. వ్యాసంలో చివరి ప్రశ్న, మళ్లీ తీస్తే ఏం మారుస్తావు అని. "ఏం రాసినవ్?" అని అడిగాను. "ఎరుక లేనోళ్లకు సూపిస్తనని రాసిన," అంది.

తమ్ముడు ఇక ఆగలేదు. ఆగమని అడిగేవాళ్లూ లేరు. భంగార్ వాళ్లు టెంపో తెచ్చి పొద్దున్నే షెడ్డులో దిగారు. సాంచె పోత ఇనుము. విప్పే పని పెట్టుకోరు, సుత్తులతో కొడతారు, అది మట్టి కుండలా పగులుతుంది. పగిలిన చోట లోపల కొత్త ఇనుములా మెరిసింది. బాపు మొదట కొన్న రెండు సాంచెలు తలుపు పక్కనే ఉండేవి, ముందు అవే చేతికి అందాయి. తమ్ముడు బయట నిలబడి టెంపోలోకి ఎక్కుతున్న ముక్కలు చూస్తున్నాడు. ప్రణాలి కాలేజీ సంచీతోనే నేరుగా అక్కడికి వచ్చింది. "ఫోన్ల తీస్కుంటె తీస్కో బిడ్డా. ఇంక దొరుకది," అన్నాడు తమ్ముడు. ఆమె ఫోను బయటికి తీసి, కాసేపు పట్టుకుని, మళ్లీ సంచీలో పెట్టేసింది. "ఎవలకు సూపియ్యాలె తాతా?" అంది. తమ్ముడు కింద రాలిన ముక్కను ఏరి టెంపోలో వేశాడు.

ఆ షెడ్డులో ఇప్పుడు ఎవరివో పార్సిళ్లు దొంతరలుగా ఉంటాయి. నేల మీద సాంచెలున్న చోట నూనె పీల్చి నల్లబడిన మచ్చలు మాత్రం కడిగినా పోలేదట. అప్పట్లో మాకు ఏమీ లేదు. అన్నంలో దూది, చెవుల్లో చప్పుడు, ఇల్లంతా గంజి కంపు. కానీ శనివారం సాయంత్రం సాంచెలు ఆపిన చెయ్యి ఆదివారం మళ్లీ వాటిని నడిపిస్తుందన్న దానిలో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. నమ్మకం అంటే నేను అదే అనుకుని పెరిగాను. ఇప్పుడు తమ్ముడి ఇల్లు శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. వాడికి నిద్ర పట్టదు. బేరింగు పోయిన పాత ఫ్యాను ఒకటి గోడ దగ్గర పెట్టుకుని, అది గడగడలాడుతుంటే దాని పక్కన పడుకుంటాడు. కొడుకు కొత్త ఫ్యాను తెస్తే వెనక్కి ఇచ్చేయమన్నాడు.

సాంచెలు పోయాక వచ్చిన శనివారం నేను పురాణం విప్పబోతుంటే రాజేశం అన్న చెయ్యెత్తాడు. "చెల్లె, పిల్ల తీసింది నీ ఫోన్ల ఉన్నదా?" ఉందన్నాను. ప్రణాలి ఆమధ్య పంపింది. ఒక్కసారి పెట్టమన్నాడు. మిగతాది వద్దన్నావు కదా అని అడిగాను. "మిగిలింది గాదు. గదే, మొదలే," అన్నాడు. పెట్టాను. అందరూ చుట్టూ మూగారు. చీకటి తెర, సాంచెల చప్పుడు. ఈసారి ఎవరూ మాట్లాడుకోలేదు. నర్సింగం వేళ్లు పోగును వెతికి ముడివేశాయి. నాడె పోయి వచ్చింది. వాడి చెయ్యి పిడి వైపు కదులుతుండగా రాజేశం అన్న వేలు తెర మీద ఆనించి బొమ్మను నిలిపేశాడు. "ఇంక ముందుకు పోనియ్యకు చెల్లె. మల్ల మొదటి నుంచి పెట్టు." మళ్లీ పెట్టాను. తరువాత ఫోను ఆడవాళ్ల వైపు పోయింది. భూలక్ష్మి వదిన కూడా ఆ చోటనే ఆపింది. ఎవరి చేతిలోకి వెళితే వాళ్లు ఆ చోట ఆపి మళ్లీ మొదటికి తిప్పుకున్నారు. అలా తిరిగి తిరిగి అది వెనక గోడకు ఆనుకుని కూర్చున్న తమ్ముడి దగ్గరికి చేరింది.

వాడు దాన్ని కళ్ల ముందు పెట్టుకోలేదు. చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఆపవలసిన చోటు వాడికి కనబడలేదు. మేము చూస్తుండగా బొమ్మ ముందుకు పోయింది, పిడి దిగింది, చప్పుడు ఆగిపోయింది, పేరు కూడా వచ్చి వెళ్లిపోయింది. తమ్ముడు ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు. నేను విప్పని పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వాడు తీసేదాకా అలాగే కూర్చున్నాను.